విమానం కిటికీలకు మూలలు ఎందుకు ఉండవు? కామెట్ విమానం కథ నిజమేనా?

కిటికీసీటు_అమ్మ:
అందరికీ నమస్కారం. పోయిన నెల శంషాబాద్ నుంచి దుబాయ్ వెళ్తుంటే మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. తొమ్మిదేళ్లు దానికి. కాసేపు మబ్బులు చూసింది, ఆ తర్వాత దాని దృష్టంతా కిటికీ మీదే పడింది. అంచు చుట్టూ వేలితో రాస్తూ, "అమ్మా, మన ఇంటి కిటికీకి మూలలున్నాయి, బస్సు కిటికీకీ ఉన్నాయి, దీనికెందుకు లేవు?" అంది. బలం కోసం అని చెప్పాను. "మూల తీసేస్తే బలం ఎలా వస్తుంది?" అంది. అక్కడితో నా చదువు అయిపోయింది.

ఇంటికొచ్చాక వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకాయన, వెనకటికి కామెట్ అని ఒక ఇంగ్లిషు విమానం ఉండేదని, దానికి చదరపు కిటికీలు పెట్టడంతో గాల్లోనే పగిలిపోయిందని, అప్పటి నుంచే గుండ్రంగా చేస్తున్నారని రాశారు. ఇది నిజమా? నిజమే అయితే అంత పెద్ద ఇంజనీర్లకు ఆ సంగతి ముందే ఎందుకు తెలియలేదు? దయచేసి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, పిల్లకు అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు.

పాత_రెక్కలు:
అమ్మా, కథ నిజమే. నాకు ఇరవయ్యేళ్లుగా పాత విమానాల పిచ్చి, అందులో ఈ కామెట్ గురించి చదివినంత ఇంకే విమానం గురించీ చదవలేదు, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

1952 మే 2న లండన్ నుంచి జోహాన్నెస్‌బర్గ్‌కి 36 మంది ప్రయాణికులతో ఒక విమానం బయల్దేరింది. ప్రపంచంలో టికెట్ కొనుక్కుని జనం ఎక్కిన మొదటి జెట్ అదే. డి హావిలాండ్ కంపెనీ తయారీ, పేరు కామెట్. అప్పటిదాకా ప్రయాణికుల విమానాలంటే పంకా ఇంజిన్లవే. మబ్బుల్లో ఊగుతూ, రోజంతా చెవుల్లో ఆ మోతతో వెళ్లాల్సి వచ్చేది. కామెట్ 40,000 అడుగుల దాకా, అంటే వానా గాలీ అందని ఎత్తుకి వెళ్లి, మిగతా వాటికంటే చాలా వేగంగా, నున్నగా పోయేది. ఆ రోజుల్లో అమెరికా దగ్గర కూడా అలాంటిది లేదు.

సరిగ్గా ఏడాదికి, 1953 మే 2న, ఇంకో కామెట్ సింగపూర్ నుంచి లండన్ వెళ్తూ మన కలకత్తాలో ఆగింది. అక్కడి డమ్ డమ్ విమానాశ్రయం నుంచి ఢిల్లీకి లేచిన ఆరు నిమిషాలకే ఊరికి వాయవ్యంగా పొలాల్లో ముక్కలై పడింది. 43 మంది చనిపోయారు. వేసవిలో బెంగాల్‌లో సాయంత్రం పూట లేచే ఈదురుగాలులున్నాయే, కాలబైశాఖి అంటారు అక్కడ, అలాంటి ఉరుముల గాలివానలో చిక్కుకోవడం వల్ల విమానం విరిగిందని విచారణలో తేల్చారు.

తర్వాత 1954 జనవరి 10. రోమ్ నుంచి లేచిన కామెట్, దాదాపు 27,000 అడుగుల దగ్గర, ఎల్బా ద్వీపం పక్కన. కెప్టెన్ దగ్గర్లో వెళ్తున్న మరో విమానంతో రేడియోలో మాట్లాడుతున్నాడు, నేను పంపింది అందిందా అని అడగబోయాడు, ఆ వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. మళ్లీ ఏమీ వినిపించలేదు. కింద సముద్రంలో చేపలు పట్టేవాళ్లు పైన చప్పుడు విని చూశారు, పడవలు వేసుకుని వెళ్లి దొరికిన శవాలను ఒడ్డుకి చేర్చింది వాళ్లే. మొత్తం 35 మంది. ఇంకో సంగతి, 1952లో ఆ మొదటి ప్రయాణం చేసిన విమానమూ ఇదీ ఒకటే, రిజిస్ట్రేషన్ నంబరు జి-ఎఎల్‌వైపి.

మూడోది ఏప్రిల్ 8న, అదీ రోమ్ నుంచే, కైరో వెళ్తూ నేపుల్స్ దగ్గర సముద్రంలో పడింది. 21 మంది. ఆ తర్వాత కామెట్లన్నిటినీ నేల మీద ఆపేశారు. చివరికి తేలిందేమిటంటే కిటికీలు చదరంగా ఉండటం వల్ల మూలల దగ్గర లోహం పగిలింది. అందుకే తర్వాత వచ్చిన విమానాలన్నిటికీ గుండ్రటి మూలలు. మీ గ్రూపులో ఆయన చెప్పింది సరే.

రివెట్_లెక్క:
పాత_రెక్కలు గారూ, బాగా రాశారు, కానీ చివరి మూడు వాక్యాలతో నాకు పేచీ ఉంది. "చదరపు కిటికీలు, అందుకే కూలింది" అనే మాట ఎంత తిరిగిందంటే అసలు జరిగింది దాని కింద పడిపోయింది.

ఒకటి, కామెట్ ఫొటో తీసి చూడండి. కిటికీ చదరంగానే కనిపిస్తుంది కానీ మూలలు కోసినట్టు ఉండవు, వంపు ఉంటుంది. మూల పదునుగా ఉంటే ప్రమాదమని ఆ ఇంజనీర్లకు తెలుసు. వాళ్లకు అందనిది, ఆ వంపు దగ్గర లోహం మీద ఎంత బరువు పడుతుందన్నది. లెక్కల్లో వేసుకున్నదానికంటే నిజంగా పడింది చాలా ఎక్కువ. రెండు, ఎల్బా దగ్గర పడిన విమానంలో పగులు మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు. విమానం నెత్తి మీద దిక్కు చూపించే రేడియో యాంటెన్నా కోసం రెండు చిన్న కిటికీల్లాంటివి కోశారు, వాటిలో ఒకదాని మూల దగ్గర. ఆ మూలన ఉన్న రంధ్రం అంచు నుంచి పగులు బయల్దేరింది. సముద్రంలోంచి ఆ పైకప్పు ముక్క దొరికాకే ఇది తేలింది.

ఇప్పుడు పాపకి చెప్పాల్సిన సంగతి. విమానం పైకి వెళ్లే కొద్దీ బయట గాలి పల్చబడుతుంది, లోపల మనం ఊపిరి పీల్చుకోవాలి కాబట్టి గాలి నింపి ఉంచుతారు. అంటే విమానం ఒక పెద్ద బెలూన్. కామెట్ లోపలికీ బయటికీ పీడనం తేడా చదరపు అంగుళానికి 8.25 పౌండ్లు, అప్పటి మిగతా విమానాలకు రెట్టింపు. ఇది చిన్న అంకెలా ఉంటుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ముక్క మీద వేసి చూడండి, అర టన్నుకు పైనే వస్తుంది. అంత బరువు మోసే రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా లేదు.

ఆ రేకులో ఈ లాగుడు అంతటా పరుచుకుని పోతుంటుంది, ఏట్లో నీళ్లు పోయినట్టు. మధ్యలో కన్నం వస్తే పక్కనుంచి తిరిగి పోవాలి. కన్నం గుండ్రంగా ఉంటే మెల్లగా ఒరుసుకుని పోతుంది, మూల ఉంటే అక్కడ గుంపుగా ఇరుక్కుంటుంది. ఇంట్లోనే చూపించొచ్చు. షాంపూ ప్యాకెట్ అంచున కంపెనీవాడు చిన్న గాటు పెడతాడు కదా, గాటు లేని చోట గోళ్లతో ఎంత లాగినా చిరగదు, గాటు దగ్గర పట్టుకుంటే చిటికెలో చిరుగుతుంది. ప్యాకెట్ అదే, చెయ్యీ అదే. ఆ గాటు పదును కొసలో బలమంతా చేరడమే తేడా. మూల లేకపోతే బలం వస్తుందా అని అడిగింది కదా మీ పాప. కొత్తగా బలం రాదు, లాగుడంతా ఒక్క చోట పోగుపడకుండా ఉంటుంది.

కిటికీసీటు_అమ్మ:
షాంపూ ప్యాకెట్ అద్భుతం అండి, ఇప్పుడే వంటింట్లో సాంబారు పొడి ప్యాకెట్‌తో చేసి చూపించాను, దానికి అర్థమైంది. కానీ నాకు రెండు సందేహాలు. మూల దగ్గర అంత బరువు పడుతుంటే మొదటి రోజే పగలాలి కదా, ఏడాదిన్నర, రెండేళ్లు ఎలా ఎగిరాయి? రెండోది, జనవరిలో ఒకటి పడిపోయాక ఏప్రిల్‌లో మళ్లీ జనాన్ని ఎలా ఎక్కించారు? ఇది చదివినప్పటి నుంచి మనసులో అదే తిరుగుతోంది.

రివెట్_లెక్క:
మొదటిదానికి బైండింగ్ వైరు. సెంట్రింగ్ పనివాళ్లను చూసే ఉంటారు, కట్టర్ లేకపోతే వైరుని అటూ ఇటూ నాలుగైదు సార్లు వంచుతారు, తెగుతుంది. ఒక్కసారి వంచితే తెగదు. విమానం ఎక్కిన ప్రతిసారీ ఉబ్బుతుంది, దిగిన ప్రతిసారీ సర్దుకుంటుంది. ఎన్ని గంటలు ఎగిరింది అనేదానికంటే ఎన్నిసార్లు ఉబ్బింది అన్నది ముఖ్యం. ఎల్బా విమానం 1,290 సార్లు, నేపుల్స్ విమానం 900 సార్లు అలా ఉబ్బి దిగాయి. లోహం అలసట అంటారు దీన్ని. పేరు విని కవిత్వం అనుకోకండి, పరీక్ష పుస్తకాల్లో వాడే మాటే.

ఇక్కడే నన్ను అన్నిటికంటే కలచివేసే విషయం ఒకటుంది. డి హావిలాండ్ వాళ్లు పరీక్ష చేయలేదనుకోవద్దు. చేశారు. విమానం ముక్కని 18,000 సార్లు ఉబ్బించి చూస్తే అప్పటికి గానీ పగల్లేదు, కాబట్టి ఢోకా లేదనుకున్నారు. కానీ ఆ ముక్క మీద అంతకుముందే వేరే పరీక్ష చేశారు, మామూలు పీడనానికి రెట్టింపు ఒక్కసారిగా పెట్టి తట్టుకుంటుందా అని. ఆ గట్టి లాగుడుకి మూలల దగ్గర లోహం కాస్త సాగి స్థిరపడింది. అలా సాగిన చోట పగుళ్లు తొందరగా పెరగవు. అంటే తమకు తెలియకుండానే ఆ ముక్కని గట్టిపరిచి, దాన్నే మళ్లీ అలసట పరీక్షకి పెట్టారు. జనం ఎక్కిన విమానాలకి అంత రెట్టింపు పీడనం ఎవరూ పెట్టలేదు. దాంతో పరీక్షలో 18,000 వచ్చింది, ఆకాశంలో 900కే పోయింది. ఎవరూ మోసం చేయలేదు, నిర్లక్ష్యమూ లేదు, అయినా 56 మంది పోయారు, కలకత్తా లెక్క వేరే.

పాత_రెక్కలు:
రివెట్_లెక్క గారూ, సరిదిద్దినందుకు థ్యాంక్స్. యాంటెన్నా కిటికీ సంగతి చదివాను కానీ రాసేటప్పుడు తొందరపడి నలుగురూ చెప్పేదే రాసేశాను.

అమ్మా, మీ రెండో ప్రశ్నకు. ఎల్బా తర్వాత, ఆ విమానం నడిపిన బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీ తనంతట తానే కామెట్లని ఆపింది. నిపుణులు కూర్చుని కారణం ఏమై ఉండొచ్చో జాబితా రాశారు, మంట, ఇంజిన్ ముక్కలు ఎగిరి తగలడం, ఇంకా చాలా. కారణం ఇదీ అని తేలలేదు. తేలకుండానే జాబితాలో ఉన్నవాటికల్లా మార్పులు చేశారు, దాదాపు 60 మార్పులు, చేసి మార్చి 23న మళ్లీ ఎగరడానికి అనుమతి ఇచ్చారు. 16 రోజులకి నేపుల్స్. అసలు కారణం అలాగే ఉండిపోయింది. మార్చిలో సంతకం పెట్టినవాళ్ల మీద కోపం రావడం సహజమే, నాకూ వస్తుంది. కానీ అప్పటికి సముద్రంలోంచి ముక్కలు ఇంకా పైకి తీస్తూనే ఉన్నారు, అవన్నీ వచ్చేదాకా ఆగి ఉంటే ఆ 21 మంది ఇంటికి చేరేవాళ్లు.

నేపుల్స్ దగ్గర సముద్రం మరీ లోతు, ఏమీ తీయలేకపోయారు. ఎల్బా దగ్గర బ్రిటిష్ నౌకాదళం నెలల తరబడి వెతికింది, నీటి కింద టీవీ కెమెరాలు దించి మరీ. దొరికిన ప్రతి ముక్కనీ ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో పరిశోధనా కేంద్రానికి పంపారు. అక్కడ సర్ ఆర్నాల్డ్ హాల్ అనే ఆయన పెద్ద. ఆయన చేయించిన పని చూడండి. వాడుకలో ఉన్న ఒక కామెట్ తెప్పించి, దాని చుట్టూ పెద్ద నీళ్ల తొట్టి కట్టారు. రెక్కలు తొట్టి గోడల్లోంచి బయటికి పొడుచుకు వచ్చేలా, మొండెం మొత్తం నీళ్లలో మునిగేలా. లోపలా నీళ్లే, బయటా నీళ్లే. లోపలికి మరికొన్ని నీళ్లు తోసి పీడనం పెంచడం, వదలడం, బయట రెక్కల్ని జాకీలతో వంచడం. రాత్రీ పగలూ అదే పని.

గాలితో చేయొచ్చు కదా అంటే, గాలి నింపిన సైకిల్ ట్యూబు పేలితే ఎలా ఉంటుందో తెలుసు కదా. విమానం అలా పేలితే ఎక్కడ మొదలైందో చూడటానికి ఏమీ మిగలదు. నీళ్లు అంతగా నొక్కుకుపోవు, పగులు రాగానే పీడనం పడిపోతుంది, పగిలిన చోటు పగిలినట్టే ఉంటుంది.

ఆ విమానం అంతకుముందు నిజంగా 1,221 సార్లు ఎగిరింది. తొట్టిలో ఇంకో 1,836 సార్లు ఉబ్బాక, 1954 జూన్ చివర్లో, పక్క గోడ చీలిపోయింది. నీళ్లు తీసి చూస్తే చీలిక అత్యవసర ద్వారానికి ఉన్న కిటికీ మూల నుంచి మొదలైంది. అక్టోబరులో లండన్‌లో బహిరంగ విచారణ జరిగింది, డి హావిలాండ్ వాళ్లు తమ లెక్కలూ పరీక్షలూ అన్నీ బల్ల మీద పెట్టారు. అమెరికాలో విమానాలు చేసే బోయింగ్ వాళ్లూ, డగ్లస్ వాళ్లూ, అందరూ వాటిని చదువుకున్నారు. రేకు మందం పెంచి, కిటికీలు మార్చి, 1958 అక్టోబరు 4న కామెట్ 4తో అట్లాంటిక్ దాటించారు, ప్రయాణికుల జెట్లలో అదే మొదటిది. అదే నెల 26న బోయింగ్ 707 వచ్చింది. ఆ తర్వాత కామెట్ కంటే 707నే ఎక్కువమంది కొన్నారు. కామెట్ శరీరం మాత్రం నిమ్‌రాడ్ అనే పేరుతో బ్రిటిష్ వైమానిక దళంలో సముద్రం మీద కాపలా కాస్తూ 2010 దాకా ఎగిరింది.

హ్యాంగర్_పాతకాపు:
నేను వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం శరీరాన్ని బాగుచేసే పనిలో చేసి రిటైరయ్యాను. మీ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను. పుస్తకాల సంగతి మీరు చెప్పారు, చేతిపని సంగతి నేను చెప్తాను.

పగులు కంటికి కనబడదు. ఉన్నా కనబడదు. అనుమానం ఉన్న చోట రంగు ఊడగొట్టి, జిడ్డు లేకుండా తుడిచి, ఎర్రటి పల్చని ద్రవం పూస్తాం. కొద్దిసేపు ఆగాలి, పగులుంటే అందులోకి అది దిగుతుంది. పైన ఉన్నది పూర్తిగా తుడిచేస్తాం, రేకు మళ్లీ తెల్లగా మెరుస్తుంది, అప్పుడు ఏమీ లేదనిపిస్తుంది. తర్వాత తెల్లటి పొడి కొడతాం, సున్నం చల్లినట్టు. పగులుంటే రెండు మూడు నిమిషాల్లో ఆ తెలుపు మీద ఒక ఎర్ర గీత పైకి ఊరుతుంది, తలవెంట్రుక అంత. సర్వీసులో మొదటిసారి అది చూసినప్పుడు నా నోరు ఎండిపోయింది. ముందు రోజే ఎగిరి వచ్చిన విమానం అది. రేకుల్ని కలిపి బిగించే రివెట్ తల పక్క నుంచి ఇంత, చిటికెన వేలి గోరు పొడవు. మా సార్జెంట్ భూతద్దం పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా లాగ్ బుక్ తెమ్మన్నాడు. ఆ విమానం ఆ రోజు కదల్లేదు.

మా ట్రైనింగ్‌లో మొదటి వారమే కామెట్ పేరు చెప్పారు. 1988లో హవాయిలో అలోహా కంపెనీ 737 పైకప్పు 24,000 అడుగుల దగ్గర ఐదున్నర మీటర్ల మేర లేచిపోయిన సంగతి కూడా చెప్పేవాళ్లు. ఆ విమానం దగ్గర దగ్గర 90,000 సార్లు ఎగిరింది, చిన్న దీవుల మధ్య తిరగడం వల్ల. ఒక ఎయిర్ హోస్టెస్ పోయింది, మిగతా 94 మందినీ పైలట్లు దించారు. ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర చీలిక చూసింది, ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మాయి లాంటి పిల్లలు కిటికీ అంచులు తడిమి అడుగుతున్నారంటే నాకు చాలా ఆనందంగా ఉంది. ఎప్పుడైనా తేడాగా కనిపిస్తే మొహమాటపడకుండా సిబ్బందికి చెప్పమనండి.

మెల్‌బోర్న్_తెలుగు:
ఇంకొకటి చేరుస్తాను, ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఉంటాను కాబట్టి. కామెట్లు ఎందుకు పడుతున్నాయో ఆలోచించడానికి పిలిచినవాళ్లలో ఈ ఊరి పరిశోధనాశాలలో పనిచేసే డేవిడ్ వారెన్ అనే ఇంధన రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు. అందరూ ఊహలు చెబుతుంటే ఆయనకి వచ్చిన ఆలోచన వేరు. చివరి క్షణంలో పైలట్లు ఏం మాట్లాడారో మన దగ్గర ఉంటే ఇన్ని ఊహలు ఎందుకు అని. అంతకు కొద్దికాలం ముందే ఒక ప్రదర్శనలో జేబులో పట్టే రికార్డర్ చూశాడట. ఆయన తండ్రి 1934లో ఇక్కడి బాస్ జలసంధి మీద విమాన ప్రమాదంలోనే పోయాడు, అప్పుడు ఆయనకి తొమ్మిదేళ్లు, మీ పాప వయసే.

నమూనా తయారుచేశాడు. ఉక్కు తీగ మీద నాలుగు గంటల మాటలూ, పరికరాల అంకెలూ నమోదయ్యేవి. సొంత దేశంలో అధికారులు పట్టించుకోలేదు. 1958లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చూసి, వెంటనే లండన్ తీసుకురమ్మన్నాడు. మనం బ్లాక్ బాక్స్ అంటున్నది దాని సంతానమే, రంగు మాత్రం నారింజ.

కిటికీసీటు_అమ్మ:
అందరికీ చేతులెత్తి నమస్కారం. హ్యాంగర్ బాబాయ్ గారూ, మీరు రాసింది దానికి చదివి వినిపించాను, ఎర్ర గీత దగ్గర ఊపిరి బిగబట్టి విన్నది. వెంటనే ఇంకో ప్రశ్న. విమానం కిటికీ అద్దంలో కింద చిన్న చిల్లు ఉంటుంది కదా, చుట్టూ మంచు పువ్వులు పూస్తాయి, ఆ చిల్లు నుంచి పగులు రాదా అని. నాకూ భయం పట్టుకుంది.

రివెట్_లెక్క:
భయం లేదమ్మా. అక్కడ మూడు పలకలు ఉంటాయి. మీ చేతికి తగిలేది గీతలు పడకుండా పెట్టిన పల్చటిది. పీడనం మోసేది అన్నిటికంటే బయటిది, దానికి చిల్లు లేదు. చిల్లు ఉన్నది మధ్య పలకకి, లోపలి గాలి దాని గుండా అవతలికి వెళ్లి బరువంతా బయటి పలక మీదే పడేలా చేయడానికే ఆ చిల్లు. బయటిది పగిలితే మధ్యది మోస్తుంది. పలకల మధ్య తేమ కూడా దాని గుండానే పోతుంది, మీరు చూసిన మంచు పువ్వులు అవే. ఇంకో సంగతి, ఆ చిల్లు గుండ్రంగానే ఉంటుంది, ఈసారి ఎక్కినప్పుడు పాపని దగ్గరగా చూడమనండి.